అంటు కోసేది ఎప్పుడు?

నర్సరీల్లో ఇప్పుడు ఆదివారం వర్క్‌షాపుల జోరు నడుస్తోంది. కాలనీ సంఘం కలిసి పెట్టుకున్న చిన్న నర్సరీ కావచ్చు, మహిళా సంఘం చూసుకునే ఊరి నర్సరీ కావచ్చు, పద్ధతి మాత్రం ఇంచుమించు ఒకటే. పొద్దున పదింటికి మొదలు, మధ్యలో టీ, ఒంటిగంటకి గ్రూప్ ఫొటో. వెళ్లినవాళ్లు తలా ఒక వస్తువు పట్టుకుని ఇంటికొస్తారు: నాచు చుట్టిన మట్టిముద్దలో మొక్క, గాజుసీసాలో బుల్లి తోట, రంగులేసిన కుండీ. పిల్లలైతే విత్తన బంతులు. సాయంత్రానికల్లా అవన్నీ వాట్సాప్ స్టేటస్‌లో పూస్తాయి.

ఆ వస్తువుల మీద నాకు చిన్నచూపేమీ లేదు. జనాన్ని నర్సరీ గేటు దాకా లాక్కొచ్చేవి అవే. కానీ వర్క్‌షాప్ మంచిదా కాదా అన్నది వాటిని చూసి తేల్చలేం. తోటపనిలో చేతికి అలవాటు కావలసిన విద్యలు నాలుగైదే ఉన్నాయి: మట్టి కలపడం, నీళ్లు పోయడం, ఒక మొక్కని పది చేయడం, పోతున్న మొక్క ఎందుకు పోతోందో కనిపెట్టడం. వీటిలో ఒక్కదాని ఫలితం కూడా ఒంటిగంట ఫొటోకి అందదు.

ముందు ఆ వస్తువుల సంగతే చూద్దాం. నాచుముద్ద మొక్కని కొకెదామా అంటారు, జపాన్ వాళ్ల పని. వేళ్ల చుట్టూ బంకగా ఉండే మట్టిని ఉండ చేసి, పైన పచ్చి నాచు పరిచి, దారంతో బిగించి కడతారు. కుండీ ఉండదు. ముద్ద తేలికైందనిపిస్తే బకెట్ నీళ్లలో ముంచి, బుడగలు ఆగాక తీసి వేలాడదీయాలి. జపాన్‌లో గాలి నిండా తేమ ఉంటుంది కాబట్టి అక్కడ నాచు పచ్చగా నిలుస్తుంది. రామగుండంలో మే నెలలో అదే ముద్దని బాల్కనీలో కడితే మధ్యాహ్నానికి లడ్డూ అంత గట్టిపడి ఊరుకుంటుంది. మన దగ్గర చేయాలంటే నాచు బదులు కొబ్బరి పీచు చుట్టి, లోపల మనీప్లాంటో సింగోనియమో పెట్టి, వానలు పడ్డాక మొదలుపెట్టాలి. ఈ మాట చెప్పే శిక్షకుడు దొరికితే ఆయన్ని నమ్మవచ్చు. నెలరోజుల తర్వాత మీ ఇంట్లో ఏం జరుగుతుందో ఆలోచించిన మనిషన్నమాట.

గాజుసీసా తోటకి ఇంకొంచెం పెద్ద చరిత్రే ఉంది. 1829లో లండన్‌లో నథానియల్ వార్డ్ అనే వైద్యుడు ఒక చిమ్మటగూడుని తడిమట్టితో పాటు సీసాలో మూతపెట్టి ఉంచాడు. చిమ్మట సంగతేమో గానీ ఆ మట్టిలోంచి ఒక ఫెర్ను, కాస్త గడ్డి మొలిచాయి. బొగ్గుపొగకి తన పెరట్లో బతకని ఫెర్ను సీసాలో హాయిగా బతకడం చూసి, అద్దాల పెట్టెలు చేయించాడు. 1833లో అలాంటి రెండు పెట్టెల్ని మొక్కలతో నింపి ఓడెక్కించి సిడ్నీకి పంపితే, నెలల ప్రయాణం తర్వాత కూడా మొక్కలు పచ్చగా దిగాయి. తర్వాత 1850 ప్రాంతంలో మొక్కల సేకరణకర్త రాబర్ట్ ఫార్చ్యూన్ చైనా తేయాకు మొక్కల్ని వేల సంఖ్యలో హిమాలయ పాదాల దగ్గరి తోటలకి చేర్చింది ఆ రకం పెట్టెల్లోనే. డార్జిలింగ్ టీ తాగేవాళ్లకి ఆ సీసాతో కొంచెం చుట్టరికం ఉంది.

సీసా ఎందుకు పనిచేస్తుందంటే, ఆకులూ మట్టీ వదిలే తేమ గాజుకి పట్టి, చుక్కలై మళ్లీ మట్టిలోకే దిగుతుంది. కాబట్టి తేమ కోరే ఫెర్ను, నాచు, ఫిట్టోనియా లాంటివే అందులో బతుకుతాయి. మన వర్క్‌షాపుల్లో తరచుగా పెట్టించేది మాత్రం బ్రహ్మజెముడు జాతి మొక్కల్ని. అవి ఎడారివి, మూతపెట్టిన తేమలో పదిరోజుల్లో మొదలు కుళ్లుతాయి. ఇక ఆ సీసాని ఎండపడే కిటికీలో పెడితే లోపలున్నది తోట కాదు, కూర.

కుండీలకి రంగులేయడం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, ఒక్కటి తప్ప. మట్టికుండీ గోడలోంచి తేమ బయటికి పోతుంది, గాలి లోపలికి వస్తుంది. బయటంతా ఆయిల్ పెయింట్ పూస్తే ఆ గుణం పోయి అది ప్లాస్టిక్ కుండీతో సమానమవుతుంది. దానికి తగ్గట్టు నీళ్లు తగ్గించుకోవాలి. చుక్కల ముగ్గు వేసుకుంటే ఏ ఇబ్బందీ లేదు.

ఇప్పుడు మట్టి బల్ల దగ్గరికి వద్దాం. జనం ఫోన్లు జేబులో పెట్టుకునేది ఇక్కడే, చేతులు మురికవుతాయి కాబట్టి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు మాగిన పశువుల ఎరువు, పైన గుప్పెడు వేపపిండి అన్నది మన నర్సరీల్లో వినబడే పాత లెక్క. ఇందులో బరువంతా ‘మాగిన’ అన్న మాట మీద ఉంది. ఎరువు కుప్పలోకి చెయ్యి పెడితే వెచ్చగా తగలకూడదు, పేడ వాసన రాకూడదు. వెచ్చగా ఉందంటే అది ఇంకా కుళ్లుతోందని, వేళ్లని కాల్చేస్తుందని అర్థం. కలిపిన మట్టిని గుప్పిట బిగించి వదిలితే ముద్ద నిలవాలి, వేలితో తడితే విడిపోవాలి. నిలవకపోతే ఇసుక ఎక్కువ, విడిపోకపోతే బంక ఎక్కువ. ఈ గుప్పిట పరీక్ష ఒక్కటి వచ్చినా వర్క్‌షాప్‌కి కట్టిన డబ్బు కిట్టినట్టే.

మిద్దెతోటల వాళ్లు ఎర్రమట్టి తగ్గించి కోకోపీట్ వాడతారు. సబబే, ఎందుకంటే బరువు. మనుషులు ఎక్కి తిరిగే చదునైన కప్పు చదరపు మీటరుకి 1.5 కిలోన్యూటన్ల బరువు, అంటే సుమారు 150 కిలోలు మోయాలని ఐఎస్ 875 ప్రమాణం లెక్క. తడిసిన మట్టి నాలుగంగుళాల మందాన పరిస్తే చాలు, ఆ లెక్క దాటిపోతుంది. కుండీలో వంగ మొక్కకే అడుగు లోతు కావాలి. కాబట్టి బరువైనవన్నీ పిట్టగోడ పక్కన, దూలాల మీద, స్తంభాల నెత్తిన పెట్టుకోవాలి, కప్పు నడుమ కాదు. ఇక కోకోపీట్‌కీ ఒక గుణం ఉంది. కొబ్బరి పీచులో సహజంగానే ఉప్పు ఉంటుంది, ఉప్పునీటి కయ్యల్లో నానబెట్టినదైతే మరీ ఎక్కువ. ఇటుకని నానబెట్టి, పిండి, ఆ గోధుమరంగు నీళ్లు పారబోసి, మళ్లీ ఒకటి రెండుసార్లు కడిగాకే కలపాలి. వర్క్‌షాపులో టైము చాలదని ఈ కడగడం ఎగ్గొట్టేస్తారు. ఇంటికెళ్లాక నారు ఆకుల అంచులు మాడిపోతే దిష్టి తగిలిందనుకుంటాం.

కుండీ అడుగున గులకరాళ్లు పరిస్తే నీళ్లు బాగా దిగుతాయని దాదాపు ప్రతి శిక్షకుడూ చెబుతాడు. దిగవు. సన్నటి మట్టిలోని నీళ్లు సందుల్లో పట్టుకుని ఉంటాయి. కింద పెద్ద సందులున్న రాళ్ల పొర తగిలితే అందులోకి జారవు, పైనున్న మట్టి పూర్తిగా నిండాకే చుక్క రాలుతుంది. అంటే కుండీ అడుగున ఉండాల్సిన బురద పొర రాళ్ల ఎత్తున పైకి జరిగి వేళ్లకి ఇంకా దగ్గరవుతుంది. బెజ్జం మీద ఒక పెంకుముక్క బోర్లించండి, మట్టి జారకుండా. దాని పని అంతవరకే. నమ్మకం కుదరకపోతే రెండు గాజు గ్లాసుల్లో చేసి చూసుకోవచ్చు. నర్సరీలో ఇది చేసి చూపిస్తే మాత్రం శిక్షకుడికీ సభకీ కాస్త వాగ్వాదం తప్పదు.

అసలు విద్య ఇక మొదలవుతుంది. ఇంటి తోట వాడు ఒక్కటంటే ఒక్కటే నేర్చుకోవాలనుకుంటే గాలి అంటు నేర్చుకోవాలని నా మాట. గూటీ అని కూడా అంటారు. జామ, దానిమ్మ, నిమ్మ దీనికి బాగా లొంగుతాయి. తొలకరి పడి కొమ్మల్లో రసం ఆడుతున్నప్పుడు, అంటే జూన్ నుంచి ఆగస్టు దాకా, అదను.

పెన్సిలు లావున్న, ఏడాది వయసు కొమ్మని ఎంచుకోవాలి. చివరినుంచి అడుగు, అడుగున్నర వెనక్కి వచ్చి, ఒక కణుపు కింద చాకుతో కొమ్మ చుట్టూ ఒక గాటు, దానికి అంగుళం కింద ఇంకో గాటు. రెంటినీ కలుపుతూ నిలువుగా ఒకటి. వానాకాలమైతే గోటితో పట్టి లాగితే బెరడు పట్టీలా ఊడి వస్తుంది, లోపల తెల్లటి చెక్క మెరుస్తుంది. ఆ చెక్కని తడిమితే జిగురుగా తగులుతుంది. కొత్తవాళ్లందరి అంట్లూ పోయేది ఆ జిగురు దగ్గరే. కంటికి కనబడీ కనబడని ఆ పొరలోంచే చెట్టు కొత్త బెరడు అల్లుకుంటుంది. చాకు వెనక అంచుతో దాన్ని పొడిగా అయ్యేదాకా గీకి తీసేయాలి. బద్ధకించి వదిలేస్తే చెట్టు తన గాయాన్ని తనే మాన్పుకుని, పై బెరడునీ కింది బెరడునీ కలిపేస్తుంది. వేరు పుట్టాల్సిన అవసరమే దానికి రాదు.

ఎందుకలా? నీళ్లు వేళ్లనుంచి పైకి వెళ్లే దారి చెక్కలో ఉంది, మనం దాన్ని ముట్టుకోలేదు. అందుకే కొమ్మ వాడదు. ఆకులు వండిన ఆహారం కిందికి దిగే దారి బెరడులో ఉంది, దాన్ని తెంచేశాం. పైనుంచి వస్తున్న పిండిపదార్థం, దాంతో పాటు వేళ్లని పుట్టించే హార్మోను, పై గాటు దగ్గరికి వచ్చి ఆగిపోతాయి. అక్కడ చీకటి, తేమ దొరికితే ఆ అంచులోంచే వేళ్లు పుడతాయి. కింది గాటు దగ్గర ఎన్నాళ్లు చూసినా ఏమీ రాదు. వేరు పొడి అని నర్సరీలో అమ్మే హార్మోను పూయాలనుకుంటే పై అంచుకే పూయాలి. కొందరు శిక్షకులు మొత్తం చెక్కకంతా పౌడరు రాసినట్టు రాయిస్తారు. దానివల్ల హాని లేదు, డబ్బా త్వరగా అయిపోతుంది.

తర్వాత నానబెట్టి గట్టిగా పిండిన నాచుని పిడికెడు చుట్టి, పైన పాలిథిన్ కాగితం బిగించి, పైనా కిందా పురికొసతో కట్టాలి. నాచు చెమ్మగా ఉండాలి కానీ కారకూడదు. పై ముడి వదులైతే వాన నీళ్లు లోపలికి దిగి కుళ్లుతుంది. ఇంతే పని, చేయి తిరిగినవాళ్లకి ఐదు నిమిషాలు. అక్కడినుంచి నెల, నెలన్నర దానివైపు చూడటమే ఉంటుంది. పాలిథిన్‌లోంచి తెల్లటి వేళ్లు కనబడి, అవి గోధుమరంగుకి తిరుగుతున్నప్పుడు కట్టు కింద కోసి, కాగితం విప్పి, నాచు కదపకుండా కుండీలో పెట్టి, నీడలో ఉంచాలి. ఆకులు సగం తుంచేయాలి, ఎందుకంటే నాలుగు వేళ్లు నలభై ఆకులకి నీళ్లు తేలేవు. ఆకులు తుంచడానికి మనసు రాని వాళ్ల మొక్కలే ఈ చివరి వారంలో పోతుంటాయి.

అంటు కట్టడం, అంటే ఒక మొక్క మీద ఇంకో మొక్క కొమ్మని అతికించడం, ఒక్క పూటలో రాదు. అయినా ఒకసారి చూడాల్సిన పని. మన బంగినపల్లి టెంక పాతితే బంగినపల్లి రాదు. ఆ టెంకలోని పిండం రెండు చెట్ల కలయిక, ఏ గుణం ఎటు పోతుందో చెప్పలేం. అందుకే ఈ రోజు ఉన్న ప్రతి అసలు బంగినపల్లి చెట్టూ అంతకుముందున్న బంగినపల్లి చెట్టు కొమ్మే. టెంక అంటులో, మొలిచి పది పదిహేను రోజులైన, ఇంకా రాగిరంగు ఆకుల్లో ఉన్న నాటు మామిడి మొలక తల కోసి, నడుమ చీల్చి, అందులో ఉలిలా చెక్కిన బంగినపల్లి పుల్లని దింపి, పాలిథిన్ పట్టీతో చుడతారు. ఆ పుల్లని కూడా వారం పదిరోజుల ముందే చెట్టు మీద ఉండగానే ఆకులు తుంచి సిద్ధం చేస్తారు, మొగ్గ ఉబ్బడానికి. రెండింటి బెరడు కింది పచ్చపొరలు కనీసం ఒక పక్కనైనా తాకాలి. చెక్కకి చెక్క తాకితే ఏమీ జరగదు.

ఇంటికి అంటుమొక్క తెచ్చుకున్నవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఒకటే: అతుకు మట్టిలో కప్పెట్టకూడదు, అతుకు కింద వచ్చే చిగురుని ఎప్పటికప్పుడు గిల్లేయాలి. ఆ చిగురు నాటు మామిడిది, ఒళ్లు వంచి పెరుగుతుంది. దాన్ని చూసి ‘మొక్క బాగా దుబ్బు కట్టింది’ అని మురిసిపోయినవాళ్లు, కొన్నేళ్లకి పీచుకాయ తింటూ నర్సరీవాణ్ణి తిడుతుంటారు.

ఈ పని చూడాలంటే మనకి కడియం ఉంది. రాజమహేంద్రవరం పక్కన కడియం, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి చుట్టూ జాతీయ రహదారి పొడవునా నర్సరీలే. గోదావరి కాలువ నీరు, ఒండ్రునేల, తరాలుగా అలవాటైన చేతులు ఆ ఊళ్లని అలా నిలబెట్టాయి. కానీ అక్కణ్ణుంచి లారీలో హైదరాబాదు దిగిన మొక్క తరచుగా మనింట్లో ఎందుకు నీరసిస్తుందో ఏ వర్క్‌షాపులోనూ చెప్పగా వినలేదు. డెల్టా బంకమట్టి ముద్దతో వస్తుంది అది. మనం దాన్ని అలాగే తెచ్చి కోకోపీట్ నిండిన కుండీలో దింపుతాం. నీళ్లు పోస్తే చుట్టూ ఉన్న తేలిక మట్టిలోంచి జారిపోతాయి, నడుమ ముద్ద ఎండి గట్టిపడుతుంది, వేళ్లు ఆ ముద్దలోనే ఉన్నాయి. పైన తడి, లోపల కరువు. మార్చేముందు ముద్దని గంటసేపు నీళ్లలో నానబెట్టి, అంచుల మట్టిని మెల్లగా రాల్చి, కుండీ మిశ్రమంలో కొంత ఎర్రమట్టి కలిపితే సగం మొక్కలు దక్కుతాయి. షేడ్‌నెట్ కింద పెరిగినదాన్ని నేరుగా మిద్దె ఎండలో నిలబెట్టకుండా వారం పదిరోజులు నీడలో ఉంచి కొంచెం కొంచెంగా ఎండకి జరిపితే ఇంకొన్ని.

నీళ్ల విషయం చెప్పడానికి సులువు, చేయడానికి కష్టం. వేలు రెండు కణుపుల లోతు మట్టిలో దించండి, తడి తగిలితే పోయొద్దు. పసుపెక్కిన ఆకు చూడగానే చేయి చెంబు వైపు వెళుతుంది. నీళ్లు ఎక్కువై గాలాడక వేళ్లు కుళ్లినా ఆకు పసుపెక్కుతుంది, వాడుతుంది. రెంటికీ తేడా వేలే చెబుతుంది. ఇంట్లో మొక్కలు దాహంతో పోయినవాటికన్నా ప్రేమతో పోయినవే ఎక్కువని నా అనుమానం.

ఇవన్నీ వీడియోల్లో దొరుకుతాయి కదా, నర్సరీకి వెళ్లడం దేనికి అనొచ్చు. బెరడు ఎంత లోతు కోయాలో చాకు చెబుతుంది, వీడియో చెప్పదు. పైగా పదిమందిదీ అయిన నర్సరీలో తల్లిచెట్లు ఉంటాయి, పాడుచేసుకోవడానికి కొమ్మలుంటాయి. ఇంట్లో ఉన్న ఒక్క దానిమ్మ మీద తొలి ప్రయోగం చేయమంటే ఎవరికైనా చేయి వణుకుతుంది.

అలాంటి నర్సరీలు మనకి లేకా కాదు. తెలంగాణలో 2015లో మొక్కలు నాటే హరితహారం కార్యక్రమం మొదలైంది, తర్వాత పంచాయతీకో నర్సరీ వచ్చింది, 2018 పంచాయతీరాజ్ చట్టం నాటినవాటిలో 85 శాతం బతకాలని కూడా రాసింది. ఇప్పుడా కార్యక్రమం పేరు వనమహోత్సవం, 1950లో అప్పటి కేంద్ర మంత్రి కె.ఎం. మున్షీ దేశమంతటా మొదలుపెట్టించిన పండుగ పేరే. ఆ ఊరి నర్సరీల్లో సంచులు నింపే ఆడవాళ్లకి తెలిసిన సంగతులు పట్నం వర్క్‌షాపులో ఎక్కడా వినబడవు. వేపగింజకి ఆయుష్షు వారాలే, రాలిన వెంటనే వేయాలి, డబ్బాలో దాచి వచ్చే ఏడాది వేస్తే సంచి నింపిన కూలీ దండగ. తుమ్మగింజ పెంకు గట్టిది, వేడినీళ్లలో వేసి నానబెట్టాలి, లేదా మేకలు కాయలు తిని వదిలిన పెంటికల్లోంచి ఏరుకోవాలి. మేక కడుపులో ఆ పెంకు మెత్తబడుతుంది. ఈ ముక్క తెలిస్తే విత్తన బంతుల్లో ఏ గింజ పెట్టాలో, ఏది పెట్టకూడదో కూడా తెలుస్తుంది. పాత వేపగింజలతో బంతులు చేయించి కొండమీదికి విసిరిస్తే పిల్లలకి మంచి వ్యాయామం.

ఊళ్లో నర్సరీ ఉన్నవాళ్లు పంచాయతీ కార్యదర్శిని అడిగి చూడొచ్చు, నెలకో ఆదివారం ఆ ఆడవాళ్ల చేత నేర్పించమని, వాళ్లకి రోజుకూలి కాకుండా శిక్షకుల రుసుము ఇమ్మని. ఖర్చు పెద్దదేం కాదు. పట్నంలో ఉన్నవాళ్లకి పని ఇంకా తేలిక. ఎవరైనా వర్క్‌షాప్ కబురు పెట్టినప్పుడు ఏమేం ఇస్తారు, భోజనం ఉందా అని అడుగుతాం కదా, దాంతోపాటు ఇంకో ప్రశ్న అడగండి: ‘మేం కట్టిన అంటు కోసేది ఎప్పుడు?’ ఫలానా తేదీన మళ్లీ రండి, వేళ్లు రాకపోతే ఎందుకు రాలేదో విప్పి చూద్దాం అన్నారంటే వెంటనే పేరు రాయించుకోండి. రెండో రోజు లేదన్నారంటే ఆ డబ్బుతో ఒక జామ అంటు, మంచి చాకు కొనుక్కోండి. వచ్చే జూన్‌కి అంటు కట్టేంత కొమ్మ దానికే వస్తుంది.